ఇంటి కొలిమిలో ఈటె: ఓరుగల్లు వైపు అభిరుచి కమ్మరులు తరచుగా అడిగే ప్రశ్నలు

వృత్తి వేరే ఉండి, సెలవు రోజుల్లో కొలిమి రాజేసుకునే వాళ్ళ కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. హనుమకొండ, జనగామ, ములుగు, కరీంనగర్ వైపు వాళ్ళు అడిగేవి చాలావరకు ఒకేలా ఉంటాయి. చట్టానికి సంబంధించిన ప్రశ్నను కావాలనే మొదట పెట్టాను. దాన్ని దాటేసి కొలతల దగ్గరికి పోవద్దు.

ఇంట్లో ఈటె తయారు చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

అనుమతి లేకుండా ఒప్పుకోదు. ఆయుధాల చట్టం 1959 కింద వచ్చిన ఆయుధాల నియమాలు 2016లో, మొదటి షెడ్యూలు ఐదో కేటగిరీలో కత్తులు, బాకులతో పాటు ఈటెలను పేరు పెట్టి చేర్చారు. విసిరే రకాలూ అందులోనే ఉన్నాయి. అదే వాక్యంలో 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు అనే కొలతలు కనిపిస్తాయి. వాటిని చూసి ‘నాది ఆరు అంగుళాలే, నాకేమీ కాదు’ అనుకునేవారు ఎక్కువ. అలా అనుకోకండి. తయారీకి లైసెన్సు కావాలనేది అదే చట్టం 5వ సెక్షన్. శిక్షలు నెలల్లో కాదు, సంవత్సరాల్లో ఉంటాయి. 2019 సవరణతో అవి ఇంకా పెరిగాయి.

ఇల్లు, వ్యవసాయం, పరిశ్రమ అవసరాలకు చేసిన పనిముట్లకు మినహాయింపు ఉంది. కొడవలి, గొడ్డలి, గడ్డపార చేసే కమ్మరిని ఎవరూ ఆపకపోవడానికి కారణం అదే. ఈటెకు ఆ మినహాయింపు వర్తించదు. 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో ఆయుధాలు చేసేవారి వృత్తి కూడా ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఆ జాబితా సాయం అందించడానికి మాత్రమే. అందులో పేరు నమోదైనంత మాత్రాన లైసెన్సు వచ్చినట్లు కాదు.

కాబట్టి వరంగల్, కరీంనగర్ లాంటి పోలీసు కమిషనరేట్ల పరిధిలో ఉంటే అక్కడ, మిగతా చోట్ల కలెక్టరేట్‌లో, మీరు చేయదలచినది ఏమిటో, ఎందుకో, అంచులు మొద్దుగా ఉంటాయా లేదా అన్నది రాసి ఇవ్వండి. జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. నోటిమాటగా ‘ఏం ఫరవాలేదు’ అన్న పెద్దమనిషి రేపు మీ పక్కన నిలబడడు. కింద చెప్పినదంతా అంచు తీయని, అంటే పదును పెట్టని, మొన గుండ్రంగా ఉండే ప్రదర్శన ఈటె గురించి. దానికీ ముందుగా అడగాల్సిందే.

అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా?

అక్కర్లేదు. దోటి చేయండి. మామిడి, చింత, మునగ కోసే పొడవాటి దోటికి చివర ఉండే చిన్న కొడవలికీ ఈటె మొనకూ కమ్మరి పనిలో తేడా చాలా తక్కువ. కర్ర దూరే గొట్టం రెండింటికీ ఒకటే. ఈటె అనగానే అందరి కళ్ళూ మొన మీదికే పోతాయి. ఆకులా సాగిన మొనను కొద్దిపాటి ఓపిక ఉన్నవాడెవడైనా తీయగలడు. కష్టమంతా గొట్టంలోనే. పల్చటి రేకుగా పరిచి, చుట్టి, చీలకుండా, వంకర పోకుండా, మొనతో ఒకే గీతలో నిలబెట్టడమే అసలు విద్య. దోటి మీద ఆ విద్య వచ్చాక ఈటె దగ్గరికి వెళితే సగం పని తెలిసిందే అవుతుంది. పైగా దోటిని ఇంట్లో వాళ్ళు వాడుకుంటారు కూడా. గోడకు వేలాడే ఈటె గురించి ఆ మాట చెప్పలేం.

భాగాల పేర్లు, కొలతలు చెప్పండి.

ముందు ఆకులాంటి మొన. దాని మధ్యలో కొంచెం ఎత్తుగా కనిపించేది వెన్ను, రెండు పక్కలా ఉండేవి అంచులు. మొన సన్నబడి కిందికి దిగే చోటు మెడ. మెడ కింద కర్రను పట్టుకునేది గొట్టం.

మొదటిసారి చేసేవారికి నేను సూచించే కొలత ఇది: మొన పొడవు 150 మిల్లీమీటర్లు, అత్యధిక వెడల్పు 35 వరకు, మెడ 20, గొట్టం 100, గొట్టం నోటి లోపలి వ్యాసం 25. ఇంతకన్నా పెద్దది మొదటిసారి వద్దు. పెద్దదాన్ని ఒకే వేడిలో ఉంచడానికి చిన్న కొలిమి చాలదు.

దీనికి ఎంత ఇనుము కోయాలి?

ఊహించి కోస్తే చివరికి గొట్టానికి లోహం చాలదు. లెక్క వేసుకోవాలి, అదేమంత కష్టమైన లెక్క కాదు. వేడిలో ఇనుము ఆకారం మారుతుంది గానీ ఘనపరిమాణం మారదు.

గొట్టం నోటి దగ్గర లోపలి వ్యాసం 25, గోడ మందం 2 మిల్లీమీటర్లు అనుకుంటే సగటు వ్యాసం 27. దాన్ని 3.14తో గుణిస్తే సుమారు 85. అంటే చుట్టకముందు రేకు నోటి వైపు 85 మిల్లీమీటర్ల వెడల్పు, మెడ వైపు 35 నుంచి 40 ఉండాలి. సగటున 60 వెడల్పు, 100 పొడవు, మందం కొంచెం ఎక్కువగా 2.5 పట్టుకుంటే 15,000 ఘన మిల్లీమీటర్లు. మీ దగ్గర 25 × 12 పట్టీ ఉంటే దాని అడ్డుకోత 300 చదరపు మిల్లీమీటర్లు. కాబట్టి గొట్టానికి పట్టీలో 50 మిల్లీమీటర్లు పోతుంది. మొనకు సగటున 30 వెడల్పు, 5 మందం, 150 పొడవు అంటే 22,500. పట్టీలో అది 75. మెడకు 20 కలపండి. మొత్తం 145. కొలిమిలో పెట్టిన ప్రతిసారీ పైపొర పొట్టులా రాలిపోతుంది, చివర్లు సరిచేసేటప్పుడు కొంత కోసేస్తాం. అందుకని 170 కోయండి. దాని బరువు 400 గ్రాములు. పూర్తయ్యాక 350 చుట్టూ మిగిలితే పని శుభ్రంగా జరిగినట్లే.

ఏ ఇనుము మంచిది? లారీ కమాన్ పట్టీయా, దుకాణంలో దొరికే పట్టీయా?

మొదటి ఈటెకు దుకాణం పట్టీనే. అంటే మామూలు మెత్తటి ఉక్కు, మైల్డ్ స్టీల్. తప్పు జరిగితే మళ్ళీ కాల్చి సరిచేసుకోవచ్చు, ఎక్కువ వేడెక్కినా కమాన్ పట్టీలాగా అలగదు. అంచు తీయని ఈటెకు గట్టి ఉక్కు అవసరమే లేదు.

లారీ కమాన్ పట్టీ మంచి ఉక్కే, కాదనను. మన దగ్గర అవి ఎక్కువగా ఈఎన్ 45, సప్ 9 రకాలు. కర్బనం దాదాపు అర శాతం నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. ఈఎన్ 45లో సిలికాన్ కూడా ఎక్కువ. అందుకే వంగి మళ్ళీ లేస్తుంది. కానీ సుత్తె కింద మొండిగా ఉంటుంది, గొట్టం రేకు పల్చబడే కొద్దీ త్వరగా చల్లారిపోయి అంచుల దగ్గర చీలుతుంది. పాత పట్టీలో ఏళ్ళ తరబడి గుంతల రోడ్ల మీద పడ్డ దెబ్బలకు కంటికి కనిపించని పగుళ్ళు ఉండవచ్చు. కోసిన ముక్కను ఎర్రగా కాల్చి గాలికి చల్లార్చి, తీగ బ్రష్‌తో రుద్ది, వెలుతురులో చూడండి. వెంట్రుక లాంటి గీత కనిపిస్తే దాన్ని పక్కన పడేయండి.

ఇళ్ళ కడ్డీలు, అంటే టీఎంటీ, వద్దు. చుట్టూ ఉన్న గీతలు సుత్తె కింద మడతలుగా లోపలికి పోతాయి.

రైలు పట్టా ముక్కతో దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) చేసుకోవచ్చా? కాజీపేటలో తెలిసినవారు ఇస్తామంటున్నారు.

తీసుకోకండి. రైల్వే సామాను అక్రమంగా దగ్గర పెట్టుకోవడమే నేరం. అందుకోసం 1966 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే రశీదు మీ దగ్గర లేకపోతే, ‘తెలిసినవాళ్ళు ఇచ్చారు’ అనే జవాబు చాలదు. పాత లారీ యాక్సిల్ ముక్కను నిలువుగా తుమ్మ మొద్దులోకి దించితే చిన్న పనులకు మంచి దాగలి అవుతుంది. దెబ్బ పడే చోటు చిన్నదే, కానీ కింద ఉక్కు లోతు బాగా ఉంటుంది. వాడిన అసలైన దాగలి దొరికితే పైభాగం మీద సుత్తెతో తేలికగా కొట్టి చూడండి. సుత్తె ఎగిరి రావాలి. నేలలో కూరుకుపోయినట్లు ఆగితే పైఉక్కు మెత్తబడిందని అర్థం. ఎత్తు విషయానికి వస్తే, నిటారుగా నిలబడి పిడికిలి బిగించి చెయ్యి కిందికి వదిలితే వేళ్ళ కణుపులు దాగలి పైభాగాన్ని తాకాలి.

కోనసముద్రం ఉక్కుతో ఈటె చేయాలని కోరిక. ఎక్కడ దొరుకుతుంది?

దొరకదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో, అంటే నిప్పుకు తట్టుకునే మట్టి పాత్రల్లో కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. ప్రపంచం దాన్నే వూట్జ్ అని పిలిచింది. ఆ ముద్దల కోసం పర్షియా వర్తకులు అక్కడికి వచ్చేవారని, 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆ పనిని కళ్ళారా చూసిన ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ రాశాడు. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో ఇనుము కరిగించిన చోట్లను వెతుకుతూ ఊరూరా తిరిగాయి. చిట్టెపు దిబ్బలు (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి కుప్పలు), మూస ముక్కలు ఇప్పటికీ పొలం గట్ల మీద కనిపిస్తాయి. వాటిని ఏరుకుని ఇంటికి తెచ్చుకోకండి. అక్కడే ఉంటే అవి ఆధారాలు, మీ ఇంట్లో అవి రాళ్ళే.

పాత వూట్జ్ దొరికినా మన చేతికి లొంగదు. అందులో కర్బనం ఒక శాతం పైమాటే. మెత్తటి ఉక్కుకు అలవాటు పడ్డ చేతితో పసుపు వేడి దాకా కాల్చి కొడితే పొడిపొడిగా రాలుతుంది. ‘డమాస్కస్’ పేరుతో ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మేవి రెండు రకాల ఉక్కు పొరలను అతికి, మడిచి చేసినవి. చూడ్డానికి గీతలు ఉంటాయి. కోనసముద్రంతో వాటికి ఏ సంబంధమూ లేదు.

బొగ్గు ఏది? సింగరేణి బొగ్గు చవక కదా?

చవకే, కానీ కొలిమికి కాదు. సింగరేణిది కోక్ కట్టే, అంటే వేడికి అంటుకుని గట్టి ముద్దలయ్యే రకం బొగ్గు కాదు. బూడిద ఎక్కువ, పొగ ఎక్కువ. విద్యుత్ కేంద్రాలకు అది సరిపోతుంది. మీ పెరట్లో కాల్చితే వీధి వీధంతా దగ్గుతుంది. భూపాలపల్లి వైపు బస్తాల్లో చేతులు మారే బొగ్గు ఎక్కడిదో అడగకుండా కొనడం ఇంకో తలనొప్పి.

కట్టె బొగ్గు వాడండి. తుమ్మ బొగ్గు అన్నింటికన్నా మేలు, సర్కారు తుమ్మదీ బాగానే మండుతుంది. నిమ్మకాయంత ముక్కలుగా కొట్టుకోండి. మరీ పెద్దవైతే మధ్యలోంచి గాలి తప్పించుకుపోతుంది. పొడి అయితే గాలికి ఎగిరి నిప్పురవ్వలు కురుస్తాయి. బిర్యానీ హోటళ్ళకు బొగ్గు సరఫరా చేసేవారి దగ్గర బస్తాలు దొరుకుతాయి.

కొలిమి ఎలా కట్టాలి?

పాత లారీ బ్రేక్ డ్రమ్ము, కింద ఒక ఇనుప పైపు, చేత్తో తిప్పే బ్లోయరు, డ్రమ్ము లోపల బంకమట్టి పూత. అంతే. మామూలు సిమెంటు, ఏటి రాళ్ళు నిప్పు పక్కన పెట్టవద్దు. లోపలి తేమ ఆవిరై అవి పేలతాయి. పైకప్పు ఉండాలి, గోడలు ఉండకూడదు. కట్టె బొగ్గు పొగ కనిపించదు, వాసన రాదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మూసిన గదిలో దాన్ని పీల్చినవాడికి తనకేమవుతున్నదో తెలియదు.

ఇంటి గ్యాసు సిలిండర్‌తో కొలిమి పెట్టుకోవచ్చా?

ఇంటి సిలిండరు వంటకే. 2000 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం వేరే పనికి మళ్ళించడం నేరం. కమర్షియల్ సిలిండరు, సరైన రెగ్యులేటరు, వెనక్కి మంట రాకుండా ఆపే కవాటం ఉంటే చేయవచ్చు. ఖర్చు బొగ్గు కన్నా ఎక్కువ.

ఇనుము ఏ రంగులో ఉన్నప్పుడు కొట్టాలి?

నారింజ నుంచి లేత పసుపు వరకు, అంటే దాదాపు 1000 నుంచి 1150 డిగ్రీల మధ్య. చీకటి ఎరుపుకు దిగగానే కొలిమిలోకి పంపేయండి. నిప్పురవ్వలు చిమ్ముతూ తెల్లగా మెరిస్తే ఇనుము కాలిపోతున్నట్లు. ఆ ముక్క ఇక బాగుపడదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో రంగు అసలు తెలియదు. నారింజ కూడా నల్లగానే కనిపిస్తుంది. నీడ ఉన్న చోటు, పొద్దు వాలే వేళ ఈ పనికి సరైనవి.

ముందు మొనా, గొట్టమా?

గొట్టం. మొన ముందు చేస్తే, తర్వాత గొట్టం కోసం కాల్చేటప్పుడు ఆ పల్చటి మొన పక్కనే ఉన్న నిప్పులో ఊరికే కాలి పొట్టు రాలుస్తుంది. గొట్టం ముందు అయితే ఇంకో సౌకర్యం కూడా ఉంది: అందులో ఒక కడ్డీ దూర్చి పట్టుకుని మొనను కొట్టుకోవచ్చు. పట్టకారు జారే బెడద తగ్గుతుంది.

గొట్టం చేసే పద్ధతి వివరంగా చెప్పండి.

పట్టీ ఒక చివర నుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర సుద్దతో గీత గీస్తే కొలిమిలో పోతుంది. ఉలితో చిన్న గాటు పెట్టుకోండి. బాగా వేడి చేసి, ఆ గాటును దాగలి అంచు మీద ఉంచి, రెండు పక్కల నుంచీ కొట్టి కొంచెం నొక్కండి. అదే మెడ మొదలు. అక్కడినుంచి ఆ చివర దాకా ఉన్న 50 మిల్లీమీటర్లూ గొట్టానికి.

ఇప్పుడు ఆ చివరను విసనకర్రలా పరచాలి. ఒక వైపు గుండ్రంగా, రెండో వైపు సన్నని ముక్కు ఉన్న సుత్తె తీసుకోండి, కిలో నుంచి కిలోన్నర బరువు. సన్నని ముక్కు గాటు పడ్డ దిశకు అడ్డంగా లోహం జరుగుతుంది. కాబట్టి ముక్కు పట్టీ పొడవు వెంట పడితే వెడల్పు పెరుగుతుంది. మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు వెళ్ళండి. నోటి వైపు ఎక్కువ దెబ్బలు, మెడ వైపు తక్కువ. అందరూ తొందరపడేది ఇక్కడే. అంచులను ముందే పల్చగా కొట్టేస్తే అవి కాగితంలా అయిపోతాయి, మధ్యలో మాత్రం ముద్ద అలాగే మిగులుతుంది. తర్వాత చుట్టేటప్పుడు అంచు ముందు వంగుతుంది, మధ్య భాగం వంగనంటుంది, గొట్టం గుండ్రంగా కాక వేపాకులా వస్తుంది. మందం నోటి దగ్గర 2, మెడ దగ్గర 3 లేదా 4 మిల్లీమీటర్లు ఉండేలా కొలుస్తూ పోండి. సమ్మెట కొట్టడానికి తోడు మనిషి ఉంటే ఈ దశలో పిలవండి, మిగతా దశల్లో అవసరం రాదు.

పరిచిన రేకు అంచులను ఆకురాయితో సరిచేయండి. గాట్లు మిగిలితే చీలిక అక్కడినుంచే మొదలవుతుంది. తర్వాత వంపు. వైస్ దవడలను రెండు వేళ్ళ వెడల్పు తెరిచి, వేడి రేకును వాటి మీద బోర్లించి, మధ్యలో పొడవు వెంట కొడితే దోనెలా లోపలికి దిగుతుంది. వైస్ లేకపోతే కోణపు పట్టీ ముక్క, అదీ లేకపోతే తుమ్మ మొద్దులో చెక్కిన గాడి చాలు. మొద్దు కాస్త పొగలు కక్కుతుంది, కంగారుపడకండి.

దోనె అయ్యాక రెండు అంచులనూ ఒకదాని వైపు ఒకటి తేలిక దెబ్బలతో మూయాలి. లోపల ఆధారానికి సన్నబడుతూ వచ్చే కడ్డీ కావాలి. పాత గడ్డపార మొన దీనికి సరిగ్గా సరిపోతుంది. దాన్ని దూర్చి, చుట్టూ తిప్పుతూ కొట్టండి. ఎక్కువసేపు లోపల ఉంచకండి. గొట్టం చల్లారుతూ ముడుచుకుని గడ్డపారను పట్టేస్తుంది, అప్పుడు రెండూ కలిపి మళ్ళీ కాల్చాల్సి వస్తుంది. రెండు మూడు దెబ్బలు, బయటికి తీయడం, మళ్ళీ కాల్చడం. ఈ వరసకు చెయ్యి అలవాటు పడాలి.

చివరగా నోటి వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. గొట్టం నడిమి గీత, మెడ, పట్టీ ఒకే గీతలో ఉండాలి. మొన తీయకముందు ఈ వంకర సరిచేయడం సులువు, తర్వాత కష్టం.

గొట్టం అతుకును వెల్డింగ్ చేయాలా?

చేయకపోయినా నడుస్తుంది. పాతకాలపు ఈటెల్లో చాలావాటికి అతుకు తెరిచే ఉంటుంది. కర్ర బిగుతుగా కూర్చుని మేకు పడితే అది కదలదు. వెలిగారం చల్లి కొలిమిలోనే అతకాలని ఉబలాటపడే వారికి ఒక మాట: 2 మిల్లీమీటర్ల రేకు, అతికే వేడి దగ్గర రెప్పపాటులో కాలిపోతుంది. రేకు అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా ముందే ఎక్కువ వెడల్పు పరుచుకుని ఉంటేనే ప్రయత్నించండి.

పైపు ముక్క తెచ్చి అతికేస్తే సరిపోదా?

గోడకు వేలాడదీసే వస్తువే కావాలంటే సరిపోతుంది. జింకు పూత లేని, నలుపు రంగు ఇనుప పైపు తీసుకోండి. నీళ్ళ పంపుల జీఐ పైపును మాత్రం కొలిమిలో పెట్టకండి. పైన ఉన్న జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, ఎక్కువైతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అయితే పైపు అతికినవారు గొట్టం నేర్చుకోలేదు. నా దృష్టిలో వాళ్ళు ఈటె పని ఇంకా మొదలుపెట్టనట్లే.

మొన కొడుతుంటే అరటికాయలా వంగిపోతోంది. ఎందుకు?

ఒక అంచునే వరుసగా కొడుతున్నారు. పల్చబడ్డ వైపు పొడవు పెరుగుతుంది, పెరగని వైపుకు మొన వంగుతుంది. ఒక అంచు మీద నాలుగు దెబ్బలైతే రెండో అంచు మీద నాలుగు, తర్వాత మొనను తిరగేసి మళ్ళీ అలాగే. మధ్యలో వెన్నును తాకకుండా వదిలితే అది తనంతట తానే ఎత్తుగా నిలుస్తుంది.

కొస తీసేటప్పుడు ముందు నలుచదరంగా సన్నబరచండి. బల్లపరుపుగా ఉన్నదాన్నే సన్నగా లాగితే పైపొరలు ముందుకు సాగి, మధ్యభాగం వెనకబడి, కొస చేప నోరులా చీలుతుంది. చీలితే ఆ భాగం కోసేయడమే, మూసి అతుకుదామని చూడకండి.

చివరికి అంచులను 2, 3 మిల్లీమీటర్ల మందం వద్ద ఆపి, ఆకురాయితో గుండ్రం చేయండి. కొసను కూడా.

నూనెలో ముంచి గట్టిపరచాలా? నీళ్ళలో ముంచితే?

అంచు లేని మైల్డ్ స్టీల్ ఈటెకు ఏదీ అక్కర్లేదు. ఆ ఉక్కు ముంచినా గట్టిపడదు.

కమాన్ పట్టీతో దోటి కొడవలి చేసేవారికి మాత్రం ఈ దశ కావాలి. మూడుసార్లు మెల్లగా ఎర్రబరిచి గాలికి వదిలితే సుత్తె దెబ్బల ఒత్తిడి పోతుంది. తర్వాత అయస్కాంతం చూపండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడినుంచి ఇంకొంచెం, 830, 850 దాకా వెళ్ళనిచ్చి, 50, 60 డిగ్రీల గోరువెచ్చని పల్లీ నూనెలో కొస ముందుగా నిటారుగా దించండి. పైకీ కిందికీ కదపండి, పక్కలకు ఊపితే వంకర పోతుంది. గొట్టాన్ని ముంచకండి, అది మెత్తగానే ఉండాలి. నీళ్ళలో ముంచితే ఈ ఉక్కు టింగుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు పగులుది. పాత ఇంజన్ ఆయిల్ వాడేవారు కనిపిస్తారు, దాని పొగ మంచిది కాదు. నూనె పాత్ర ఇనుముదై ఉండాలి, పక్కనే మూత ఉండాలి. మంట లేస్తే మూత వేయండి, నీళ్ళు చల్లితే ఇల్లు అంటుకుంటుంది.

ముంచిన వెంటనే ఆకురాయి జారిపోతే గట్టిపడినట్లు. అలాగే వదిలేస్తే కింద పడినా విరుగుతుంది. గంట చొప్పున రెండుసార్లు 220 నుంచి 250 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. శుభ్రం చేసిన ఉక్కు మీద ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు పొర కనిపిస్తుంది. కోతకు అది చాలు. దెబ్బలు తట్టుకోవాల్సిన పనిముట్టు అయితే 300 దగ్గర వచ్చే నీలం దాకా వెళ్ళాలి.

కర్రకు ఏ చెట్టు?

సాదనపు వెదురు. మన ఎండ ప్రాంతపు అడవుల్లో అది దాదాపు లోపల గుల్ల లేకుండా పెరుగుతుంది. తేలిక, వంగినా విరగదు. కణుపు గొట్టం నోటి దగ్గర వచ్చేలా చూసుకోండి. కట్టె కర్ర కావాలంటే గొడ్డలి పిడులకు, బండి ఇరుసులకు వాడే చిరుమాను ఉంది, కానీ బరువు. ఏదైనా డిపోలోనో, దుకాణంలోనో కొనండి. అడవిలో కొట్టి తెచ్చుకోకండి. పచ్చి కర్ర ఎక్కిస్తే నెల తిరిగేలోగా ఎండి, గొట్టంలో గలగల కదులుతుంది. కూర్చోబెట్టేటప్పుడు గొట్టాన్ని కాస్త వేడి చేసి దిగ్గొడితే లోపలి కట్టె మాడి ఎక్కడ తగులుతుందో నల్లగా చూపిస్తుంది. ఆ నలుపు గీరి మళ్ళీ ఎక్కించండి. చివరికి 4 మిల్లీమీటర్ల రంధ్రం వేసి మేకు బిగించండి. మెడ దగ్గర ఇత్తడి కట్టు కావాలనుకునేవారు జనగామ పక్కన పెంబర్తికి వెళ్ళి అడగండి. వాళ్ళ రేకు పని ముందు మన పని మొరటుగా కనిపిస్తుందని ముందే చెబుతున్నాను.

వానాకాలంలో తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు అవిసె నూనె గుడ్డతో పల్చగా రుద్దండి. అది ఆరి పొరలా గట్టిపడుతుంది. కొబ్బరి నూనె, ఆముదం ఆరవు, దుమ్ము పట్టుకుంటాయి. అవిసె నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి లేదా నీళ్ళలో వేయండి.

ఒంటి జాగ్రత్తలు?

నూలు బట్టలు, తోలు చెప్పులు కాదు తోలు బూట్లు, కళ్ళద్దాలు. పాలిస్టర్ చొక్కా మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. సుత్తె పట్టే చేతికి గ్లౌజు వద్దు, పట్టు తప్పుతుంది. ఎర్రటి ఇనుమును ఎవరూ ముట్టుకోరు. నల్లబడినదే కాలుస్తుంది, కాబట్టి నేల మీద ఉన్న ప్రతి ముక్కా వేడిదే అనుకోండి. కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లటి నీటి కింద ఉంచండి, పేస్టూ పసుపూ పూయకండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కొలిమి ముట్టించవద్దు.

ఊళ్ళో కమ్మరి దగ్గర నేర్చుకోవచ్చా?

అంతకన్నా మంచి దారి లేదు. ట్రాక్టర్లు వచ్చాక కర్రు పని పోయింది. చాలా కొలిములు ఆరిపోయాయి. ఉన్నవారు కొడవళ్ళు, గొడ్డళ్ళు, పారలు చూసుకుంటున్నారు. మృగశిర ముందు వెళ్ళకండి. రైతులు పనిముట్లతో వరుసలో ఉంటారు. నాట్లు అయ్యాక వెళ్ళండి. ఈటె గురించి అడగకండి, గొట్టం గురించి అడగండి. ఆయన సమయానికి డబ్బు ఇవ్వండి. పెద్దాయన ఊరికే చూపిస్తానన్నా ఇవ్వండి. ఫోన్‌తో వీడియో తీసే ముందు అడగండి. కొలిమిని దైవంగా చూసే ఇళ్ళు ఉన్నాయి. చెప్పులు ఎక్కడ విప్పాలో చూసుకుని మసలుకోండి.

గుడికి మొక్కుగా ఇవ్వాలనుకుంటున్నాను.

ముందు గుడి కమిటీని అడగండి, చాలా చోట్ల ఇనుము ఎవరు చేయాలి, ఎవరు తేవాలి అన్నదానికి ఊరి కట్టుబాట్లు ఉంటాయి. అనుమతి విషయంలో మొదటి జవాబే దీనికీ.

అడవి పందులు చేను పాడు చేస్తున్నాయి. ఈటె పనికొస్తుందా?

లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 అడ్డు ఉంది. ఏటూరునాగారం, పాకాల లాంటి అభయారణ్యాల్లోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతో అడుగుపెట్టినా 31వ సెక్షన్ వర్తిస్తుంది. గాయపడ్డ పంది ముందు ఈటెతో నిలబడడం చట్టం లేకపోయినా చేయకూడని పని. పంట నష్టం గురించి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి.

చేసినదాన్ని అమ్మవచ్చా, బస్సులో తీసుకెళ్ళవచ్చా?

అమ్మకానికీ తయారీకి కావలసిన లైసెన్సే కావాలి. ఇంకొకరికి ఊరికే ఇచ్చినా అదే చిక్కు. ప్రదర్శనకు తీసుకెళ్ళాల్సి వస్తే మేకు తీసి మొనను కర్ర నుంచి విడదీసి, మందపాటి గుడ్డలో చుట్టి, అనుమతి కాగితంతో పాటు సొంత బండిలో తీసుకెళ్ళండి. బస్సు ఎక్కకండి. దోటి అయితే కొడవలికి గోనెపట్టా చుట్టి బస్సు పైన వేయించుకోవచ్చు, కండక్టరు ఒప్పుకుంటే.